బోర్డు మీది లెక్క, మన పుస్తకంలో లెక్క

ప్రతి ఏటా ఈ నివేదికలో శిక్షణల పట్టిక ఒకటి ఉంటుంది. ఏ నెలలో ఏ శిక్షణ జరిగింది, ఎంతమంది వచ్చారు, భోజనాలకు ఎంతయింది, బస్సు చార్జీలకు ఎంతయింది అని నాలుగు గళ్లు. పాత నివేదికలన్నీ ముందేసుకుని చూస్తే ఆ నాలుగు గళ్లూ ఏ ఏడాదీ ఖాళీగా లేవు. లేనిదల్లా అయిదో గడి. వచ్చినవాళ్లలో ఎంతమందికి పని వచ్చిందన్న సంగతి ఎక్కడా రాయలేదు. రాయాలని మాలో ఎవరికీ తోచలేదు కూడా.

ఇప్పుడెందుకు తోచిందంటే, మన సంఘాల్లో ఒకదానిలో జరిగిన విషయం వల్ల. మీలో కొందరికి తెలుసు. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్లు పడాల్సినంత ఇప్పటికే పడ్డారు. సభ్యులు నెల నెలా వాయిదా కట్టారు. చేతి పుస్తకాల్లో జమ పడింది, పక్కన సంతకమూ ఉంది. బ్యాంకు పాసుపుస్తకంలో మాత్రం ఏడు నెలల వాయిదాలు లేవు. కొత్త అప్పు కోసం వెళ్లినప్పుడు బ్యాంకువాళ్లు చెబితేగానీ ఎవరికీ తెలియలేదు. డబ్బు తర్వాత చాలావరకు వసూలైంది. కానీ ఆ ఏడు నెలల వడ్డీ, ఆ ఇళ్లల్లో జరిగిన రభస, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని పరిస్థితి, వాటిని ఏ పద్దులో రాయాలి?

విచారణకు వెళ్లిన మాకు అసలు సంగతి అక్కడ తెలిసింది. ఆ సంఘంలో ఇద్దరు తప్ప అందరి పేర్లూ పుస్తక నిర్వహణ శిక్షణ హాజరు పట్టీలో ఉన్నాయి. రెండు రోజులు వచ్చారు, కూర్చున్నారు, సంతకాలు పెట్టి వెళ్లారు. పాసుపుస్తకం తెరిచి, కట్టిన వాయిదా ఏ వరుసలో పడుతుందో చూపించమంటే ఒక్కరే చూపించారు. "ఆ రోజు బోర్డు మీద చెప్పారమ్మా. మా పుస్తకం ఎవరూ తెరిపించలేదు" అంది ఒకామె. ఆ మాట మాకు బాగా గుచ్చుకుంది.

మహాజన సభలో దీని మీద గట్టిగానే మాటలు నడిచాయి. చివరికి, అసలు మనలాంటి పెద్దవాళ్లకు పని నేర్పడం ఎట్లా మొదలైంది, ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది, అదంతా ఒకసారి రాసి నివేదికలో పెట్టమన్నారు. అందుకే ఈ వ్యాసం.

రాత్రి బడి, కుట్టు మిషను

1978 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. 15 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లకు చదువు చెప్పాలని ఉద్దేశం. మనలో పెద్దవాళ్లకు ఆ రాత్రి బడులు గుర్తే. లాంతరు, పలక, అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. పగలంతా వంగి నాట్లేసి వచ్చిన మనిషిని చిన్నపిల్లలా కూర్చోబెట్టి దిద్దించారు. పూటకు ఎన్ని పాలు పోస్తే నెలకు ఎంత రావాలో, దాణాకు ఎంత పోవాలో నోటి లెక్కన చెప్పే మనిషికి పలక మీద ఆవు బొమ్మ ఏం నేర్పుతుంది? కొందరు నేర్చుకున్నారు, కాదనం. చాలామంది మధ్యలోనే మానేశారు. మానేసినవాళ్లకు ఆసక్తి లేదని రాసుకున్నారు.

ఆ మరుసటి ఏడాది, 1979 ఆగస్టు 15న, ట్రైసెమ్ వచ్చింది. పల్లెల్లోని యువతకు స్వయం ఉపాధి శిక్షణ. మన వైపు ఆడపిల్లలకు ఎక్కువగా కుట్టు మిషనే. ఆడపిల్ల అంటే కుట్టు మిషను అని ఎవరు నిర్ణయించారో గానీ, ఆ నిర్ణయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఊళ్లో కుట్టించుకునేవాళ్లు ఎంతమంది, జాకెట్టుకు ఎంతిస్తారు, ఇంతకుముందే ఉన్న దర్జీ ఏమైపోవాలి అని అడిగినవాళ్లు లేరు. నేర్చుకున్న పని చేసే చోటు లేక మరిచిపోయినవాళ్లను మేమెరుగుదుం. వాళ్ల సర్టిఫికెట్లు మాత్రం ఇంకా పెట్టెలో ఉన్నాయి.

1982లో డ్వాక్రా మొదలైంది. 15, 20 మంది ఆడవాళ్లతో ఒక సంఘం, ఆ సంఘానికి 15,000 రూపాయల మూలనిధి. అందులో కేంద్రానిది, రాష్ట్రానిది, యునిసెఫ్‌ది సమాన వాటా. ఆ పథకం 1999 ఏప్రిల్ 1న స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయింది. పేరు మాత్రం మన నోట్లోంచి పోలేదు. ఈనాటికీ బ్యాంకుకు వెళితే "డ్వాక్రావాళ్లు ఇటు రండి" అనే అంటారు. తొలినాళ్ల డ్వాక్రాలో ముందు నిధి వచ్చేది, తర్వాత పని చూసేవారు, ఆ తర్వాత శిక్షణ. సంఘంలో కూర్చుని డబ్బు గురించి నలుగురి ముందు మాట్లాడటం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది నేర్చుకోవడానికి మనకు ఇంకో పదేళ్లు పట్టింది, అదీ వేరే దారిలో.

నెల్లూరు వాచకం

ఆ దారి మన పక్క జిల్లాలోనే పడింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి జిల్లా అయింది. ఆ ఊపులో దేశమంతా జిల్లాల వారీగా అక్షరాస్యతా ఉద్యమాలు మొదలయ్యాయి. నెల్లూరులో దాన్ని అక్షర దీపం అన్నారు. ఊళ్లో చదువుకున్న పిల్లలే జీతం లేకుండా పాఠాలు చెప్పారు. పాటలతో, ఆటలతో కళాజాతాలు ఊరూరా తిరిగాయి.

అసలు తేడా వాచకంలో ఉంది. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుబోతు మొగుడితో అవస్థపడిన ఆడమనిషి కథ. అక్షరాలు ఎక్కువ రాకపోయినా ఆ కథ చదివి వినిపించగానే మాట్లాడని మనిషి లేదు. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా కొట్టుకు పోవడం, అడిగితే దెబ్బలు, పొయ్యి మీదికి గింజ లేకపోవడం, ఇవన్నీ ఎవరికి వాళ్లు తమ ఇంట్లోనే జరుగుతున్నాయని దాచుకున్న సంగతులు. పాఠం దగ్గర అవి బయటపడ్డాయి.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మనలో తెలియనివాళ్లు ఉండరు. ఆ ఊరి ఆడవాళ్లు చేసిన పనే "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠంగా మారి మిగతా ఊళ్ల వాచకంలోకి వెళ్లింది. ఇక్కడ కాసేపు ఆగి చూడండి. నేర్చుకునే మనిషి చేసిన పని మరో ఊళ్లో నేర్చుకునే మనిషికి పాఠమైంది. అక్కడ అధికారి చెప్పిన నీతి లేదు, పట్నం నుంచి వచ్చిన బొమ్మా లేదు. 1992కల్లా ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో వచ్చిన పూర్తి మద్య నిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం వేరే కథ, అది చెబుతూ కూర్చుంటే ఈ నివేదిక చాలదు.

సారా కొట్టుకు పోని డబ్బును ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు పొదుపు మొదలైంది. రోజుకో రూపాయి. పొదుపు లక్ష్మి అన్నారు. మాకు తెలిసినంతలో, ఆ అక్షరాలు ఎవరికి నిలిచాయి, ఎవరికి పోయాయి అని చూస్తే ఒక సంగతి కనబడుతుంది. వాచకం అయిపోయాక చదవడానికి ఏమీ దొరకనివాళ్లు మెల్లగా మరిచిపోయారు. పొదుపు పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు, కనీసం అంకెలూ తమ పేరూ మరిచిపోలేదు. వారం వారం చూసుకునేది తమ రూపాయి కదా.

పై నుంచి కిందికి

1992లోనే నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. బ్యాంకు అప్పివ్వాలంటే పుస్తకం అడుగుతుంది. తీర్మానం, మినిట్స్, నగదు పుస్తకం, లెడ్జరు. దాంతో శిక్షణ అంటే పుస్తకాల శిక్షణ అయింది. 2000లో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలై తర్వాత మిగతా జిల్లాలకూ, మన దగ్గరికీ వచ్చింది. గ్రామ సంఘం, మండల సమాఖ్య అనే మెట్లు అప్పుడే మనకు కుదిరాయి. పంచసూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు.

నిద్రలో చెప్పగలగడం వేరు, అయిదోదాన్ని మెలకువగా చేయగలగడం వేరు. లక్షల మందికి నేర్పాలి, నేర్పేవాళ్లు వందల్లో ఉన్నారు. కాబట్టి రాష్ట్రంలో కొందరికి చెబితే వాళ్లు జిల్లాకు, జిల్లావాళ్లు మండలానికి, మండలంవాళ్లు ఊరికి చెప్పేలా పెట్టారు. వేరే మార్గం ఉందని మేమూ అనలేం. అయితే చేతులు మారిన పాలలాగా మెట్టు మెట్టుకూ కొన్ని నీళ్లు కలిశాయి. అయిదు రోజుల శిక్షణ మూడు రోజులైంది, మూడు రోజులది ఊరికి వచ్చేసరికి ఒక పూట అయింది. ముందు పోయేది ఎప్పుడూ చేసి చూసే భాగమే. చెప్పే భాగం మిగులుతుంది.

మన సమాఖ్య హాల్లోనూ అదే జరిగింది. పొద్దున పదకొండుకు మొదలు. వందమంది. ముందు వరుసవాళ్లకే బోర్డు కనిపిస్తుంది. మైకు కీచుమంటుంది. భోజనం తర్వాత కునుకు. మూడున్నర నుంచి బస్సు గురించి గుసగుస, ఇంటికెళ్లి పాలు పితకాలి, పిల్లలు బడి నుంచి వస్తారు. "అర్థమైందా అమ్మా?" అంటే అందరం కలిసి "అయింది సార్" అంటాం. అర్థం కాలేదని వందమందిలో లేచి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో మీకు చెప్పనక్కర్లేదు.

ముడి వేయడం

ఇది మన ఒక్కరి అవస్థే అనుకున్నాం. కాదట. శిక్షణల చరిత్ర వెతుకుతుంటే అమెరికా కర్మాగారాల సంగతి ఒకటి తెలిసింది. వాళ్లకూ మనకూ పోలిక లేదనిపించవచ్చు, కొంచెం ఓపిక పట్టండి.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు ఓడలు కట్టడానికి పని తెలిసిన చేతులు చాలలేదు. కొత్తవాళ్లకు త్వరగా నేర్పాలి. ఓడలు కట్టే యార్డుల్లో ఆ పని చూసిన చార్లెస్ అలెన్ అనే ఆయన నేర్పడాన్ని నాలుగు మెట్లుగా విడదీసి 1919లో పుస్తకం రాశారు. రెండో యుద్ధం వచ్చేసరికి మళ్లీ అదే ఇబ్బంది. మగవాళ్లు సైన్యంలోకి పోయారు. విమానాల, ఓడల కర్మాగారాల్లోకి లక్షలాది ఆడవాళ్లు వచ్చారు, చాలామందికి అలాంటి పని అదే మొదటిసారి. 1940లో పెట్టిన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే ప్రభుత్వ విభాగం ఆ నాలుగు మెట్లనే తీసుకుంది. 1945లో దాన్ని మూసేనాటికి 16 లక్షలమందికి పైగా దాని శిక్షణ పొందారు.

వాళ్లు చేసిందేమిటంటే, ముందు నేర్పేవాళ్లకు నేర్పారు. ఒక్కో జట్టులో పదిమందే. రెండేసి గంటల చొప్పున అయిదు సార్లు, మొత్తం పది గంటలు. మొదటి పాఠం కరెంటు తీగకు వేసే ఒక ముడి. శిక్షకుడు ఒకరిని పిలిచి ఆ ముడి ఎలా వేయాలో నోటితో చెబుతాడు. వేయమంటే ఆ మనిషికి రాదు. ఇంకొకరిని పిలిచి, చెప్పకుండా చేసి చూపిస్తాడు. అప్పుడూ రాదు. తర్వాత పద్ధతి ప్రకారం నేర్పితే వస్తుంది. కూర్చున్నవాళ్లకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

నమ్మకం లేకపోతే మీరే చూడండి. పూలు మాల కట్టడం రాని పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, చేతులు కదపకుండా నోటితో నేర్పండి. మనకు ఎవరైనా అలా నేర్పారా? అమ్మ పక్కన కూర్చోబెట్టుకుంది. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయని పక్కనే కూర్చుంది. దారం మన చేతికిచ్చింది. జారిపోతే ఎక్కడ బిగించాలో వేలితో నొక్కి చూపించింది. మర్నాడు మనం కట్టిన దండ చూసి, ఎడం ఎక్కువైందని తిట్టింది.

నాలుగు మెట్లూ అవే. ముందు ఆ మనిషి బెరుకు పోగొట్టి, ఇంతకుముందు ఆ పని గురించి ఏం తెలుసో అడగాలి. తర్వాత ఒక్కో అంచె చేసి చూపిస్తూ, కిటుకు ఎక్కడుందో, అది ఎందుకో చెప్పాలి. తర్వాత తన చేత చేయించాలి. చేస్తూ తనే నోటితో చెప్పాలి, అప్పుడే అర్థమైందో లేదో తెలుస్తుంది. చివరిది, పని మీద వదిలి, మొదట్లో తరచుగా, తర్వాత అప్పుడప్పుడు వచ్చి చూడాలి. నేర్చుకునే మనిషికి రాలేదంటే నేర్పినవాళ్లు నేర్పలేదనే లెక్క. ఆసక్తి లేదని రాసుకోవడం అక్కడ కుదరదు.

వాళ్ల పద్ధతి అంతా మనకు పనికొస్తుందని మేం చెప్పం. అది యుద్ధం కోసం త్వరగా సరుకు తీయడానికి పెట్టింది. ఎవరు ఏం నేర్చుకోవాలో యజమాని చెప్పాడు, పనివాళ్లను అడగలేదు. నెల్లూరులో ఉన్నది అక్కడ లేదు. అక్కడ ఉన్న నాలుగో మెట్టు మన దగ్గర లేదు.

ఊరికొచ్చిన అక్కలు

మనవాళ్లు కనిపెట్టిన మంచి పద్ధతి ఒకటి ఉంది, దాన్ని మనమే తక్కువ చేసుకున్నాం. సి.ఆర్.పి.లు. సంఘంలో చేరి, అప్పు తీసుకుని, తీర్చి, కష్టం గట్టెక్కిన ఆడవాళ్లే జట్టుగా మరో ఊరికి వెళ్లడం. అక్కడే 15 రోజులు ఉండి, ఇల్లిల్లూ తిరిగి, సంఘాలు కట్టించడం. వాళ్ల దగ్గర ఉన్న పాఠం వాళ్ల బతుకే. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక, అంతకుముందు బీహారులో జీవిక కార్యక్రమంలోనూ, మన రాష్ట్రం అక్కలు వెళ్లి పనిచేశారు.

మన సమాఖ్య నుంచి వెళ్లినవాళ్లు చెప్పే కబుర్లు మీరూ విన్నారు. హిందీ వచ్చీ రాని మాటలు. పొద్దున రొట్టె, రాత్రి రొట్టె, అన్నం కోసం మొహం వాచిపోవడం. వడ్డీ లెక్క మాటల్లో చెప్పలేక నేల మీద చింతగింజలు పోశారట. ఇన్ని సంఘం నిధి, ఇన్ని ఆమె తీసుకుంది, నెల తిరిగాక ఇన్ని కలిపి ఇచ్చింది. ఆ కలిపిన గింజలు షావుకారు కుప్పలోకి పోలేదు, తిరిగి మన కుప్పలోకే వచ్చాయి. అక్కడివాళ్లు గింజలు వాళ్ల చేతుల్లోకి తీసుకుని మళ్లీ పోసి చూశారట. భాష వచ్చి ఉంటే చింతగింజలు తోచేవి కావేమో అని ఆ అక్కే నవ్వుతూ అంది.

ఈ పద్ధతికీ లోటు లేకపోలేదు. బతుకు కథ వింటే కన్నీళ్లొస్తాయి, ధైర్యమొస్తుంది, లెడ్జరు రాదు. పదిహేను రోజులయ్యాక జట్టు వెళ్లిపోతుంది. వెనక్కి వచ్చి చూసేవాళ్లు లేక మూతపడ్డ పుస్తకాలు చాలా ఉన్నాయి.

ఈ ఏడాది చేసింది

ఇన్ని తెలుసుకున్నాక పాత పద్ధతిలోనే హాలు నింపడానికి మనసొప్పలేదు. గడిచిన ఆరు నెలల్లో కొన్ని గ్రామాల్లో వేరేగా చేశాం. పన్నెండు మందికి మించకుండా, వాళ్ల ఊళ్లోనే, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు. పక్క ఊరి సంఘంలో పుస్తకాలు బాగా రాసే సభ్యురాలే నేర్పుతుంది. ఎవరి చేతి పుస్తకం వాళ్లు తేవాలి, సంఘం బ్యాంకు పాసుపుస్తకం మధ్యలో ఉండాలి. చేతి పుస్తకాల్లో నెల వాయిదాలన్నీ కూడి, పాసుపుస్తకంలో ఆ నెల జమ పక్కన పెట్టి చూడటం. అంతే పాఠం. నెల తర్వాత నేర్పినామె మళ్లీ వెళ్లి, ఆ నెల లెక్క వాళ్లచేత చూపించుకోవాలి.

ఇప్పుడు లెక్కలు లోకోస్ యాప్‌లోకి ఎక్కుతున్నాయి, ఇక పుస్తకం ఎందుకని కార్యవర్గంలో ఒకరిద్దరు అడిగారు. ఎక్కించేది ఒకరు, చూసుకోవాల్సింది అందరూ. పుస్తకంలో చూసుకోలేనివాళ్లు ఫోనులోనూ చూసుకోలేరు. పైగా ఈ శిక్షణల్లో అడిగితే, బ్యాంకు మెసేజి కొడుకు ఫోనుకో అల్లుడి ఫోనుకో వెళుతోందని చెప్పినవాళ్లు చాలామందే తేలారు. నంబర్లు మార్పించే పని మొదలుపెట్టాం.

ఖర్చు సంగతీ దాచం. హాల్లో వందమందికి ఒక్కరోజులో అయ్యేదానికంటే ఇది ఎక్కువ. నేర్పేవాళ్లకు కూలి పోతుంది, కాబట్టి గౌరవ వేతనం ఇవ్వాలి. కోశాధికారి అభ్యంతరం మినిట్స్‌లో రాసి ఉంది. ఆ ఏడు నెలల వాయిదాల మొత్తం కూడా అదే మినిట్స్‌లో కింది పేజీలో ఉంది.

ఒక ఊళ్లో వేలిముద్ర వేసే పెద్దమ్మ ఒకామె రెండో వారం తన పుస్తకంలో ఒక అంకె మీద వేలు పెట్టి, "ఇది నేను కట్టిన రోజు కాదే, ఆ రోజు మా ఊరి తిరునాళ్ల" అంది. తీసి చూస్తే తేదీ ఒక నెల ముందు నెలలో పడింది. మోసం కాదు, పొరపాటే. దిద్దారు. ఆమె చదవలేదు, కానీ అంకెలు పోల్చుకుంటుంది, తిరునాళ్ల ఎప్పుడో ఆమెకు తెలుసు.

ఈసారి శిక్షణల పట్టికలో అయిదో గడి వేశాం. నెల తర్వాత వెళ్లినప్పుడు తన లెక్క తాను చూపించగలిగినవాళ్ల పేర్లే అందులో రాశాం. వానల వల్ల, కోతల వల్ల వెళ్లలేకపోయిన ఊళ్లకు అది ఖాళీగా ఉంది, ఏదో ఒక అంకె వేసి నింపలేదు. మీ ఊరికి ఎవరు, ఏ తేదీన వస్తారో గ్రామ సంఘం గోడ మీద రాయిస్తున్నాం. ఆ తేదీకి ఎవరూ రాకపోతే సమాఖ్య ఆఫీసుకు ఫోను చేసి అడగండి. వచ్చేటప్పుడు చేతి పుస్తకం మర్చిపోవద్దు.